చివరి స్టాపులో తాళం గది

బస్సు డిపోలో ఆయన్ని అందరూ నిదానం గారనేవాళ్ళు. ఊరికే తగిలించిన పేరు కాదు, స్టీరింగు పట్టుకుని సంపాదించుకున్న పేరు. ఆయన బ్రేకు వేస్తే నిలబడి ఉన్నవాళ్ళు ముందుకు తూలేవాళ్ళు కాదు. చంకలో పిల్లల్ని ఎత్తుకున్న తల్లులు ముందొచ్చిన బస్సు వదులుకుని మరీ ఆయన బస్సు కోసం ఆగేవాళ్ళు. మార్కెట్టు దగ్గర బయల్దేరి ఊరవతల ఫ్యాక్టరీ కాలనీ దాకా వెళ్ళే సిటీ బస్సు ఆయనది. ఏ మలుపులో సైకిలు అడ్డం వస్తుందో, ఏ బడి ముందు పిల్లలు అటూ ఇటూ చూడకుండా పరుగెత్తుతారో ఆయన పాదాలకే తెలుసు.

అలాంటి మనిషిని ఒంట్లో ఉన్న ఒక చిన్న గ్రంథి పరుగులు పెట్టించింది. అదీ ఆయన కోపం. అంత పెద్ద బస్సు చెప్పినట్టు వింటుంది, ఉసిరికాయంత కండ మాట వినదా?

మొదట్లో ఆయన దాన్ని జబ్బనుకోలేదు. వయసు అనుకున్నాడు. యాభై దాటాక మోకాళ్ళు నొప్పెట్టినట్టే ఇదీనేమో అనుకున్నాడు. ఒంటికి వెళ్ళాలనిపించేది. వెళ్ళి నిలబడితే వెంటనే వచ్చేది కాదు. వచ్చినా సన్నగా, ఆగి ఆగి వచ్చేది. అయిపోయింది కదా అని వచ్చి సీట్లో కూర్చుంటే, లోపల ఇంకా మిగిలే ఉన్నట్టుండేది. రెండు స్టాపులు దాటేసరికి మళ్ళీ మొదలు.

ఇంట్లో అయితే సరే, తలుపు వేసుకుని ఎంతసేపైనా నిలబడొచ్చు. డ్యూటీలో ఎక్కడ నిలబడతాడు? ఫ్యాక్టరీ కాలనీ చివరి స్టాపులో కంట్రోలరు గది ఉంది. ఏ బస్సు ఎప్పుడు రావాలో, ఎప్పుడు కదలాలో చూసే పెద్దమనిషి ఆ కంట్రోలరు. ఆయన గది పక్కనే ఇంకో చిన్న గది. దానికి ఆకుపచ్చ తలుపు, తలుపు మీద ‘స్టాఫ్ టాయిలెట్’ అని తెల్లటి అక్షరాలు, అక్షరాల కింద అరచేతంత తాళం. తాళం ఎందుకయ్యా అని ఎవరైనా అడిగితే, జనం వాడి పాడుచేస్తారు అనేవాడు కంట్రోలరు. మేం స్టాఫే కదా అంటే, మీరు తీస్తే జనం చూస్తారు అనేవాడు. అంటే వాడకుండా ఉండడమే దాన్ని కాపాడుకోవడం. ఇలాంటి తెలివికి జీతం కూడా ఇస్తారు.

అందుకని డ్రైవర్లందరికీ గది వెనక ఉన్న గోడే గతి. పక్కన కుర్ర డ్రైవరు వచ్చి నిలబడి, పని కానిచ్చుకుని, సిగరెట్టు వెలిగించుకుని, అది సగం కాల్చేసేదాకా నిదానం గారు గోడను చూస్తూనే ఉండేవాడు. ఏ ఇటుక దగ్గర సిమెంటు పెచ్చులూడిందో, చీమల బారు ఏ పగుల్లోంచి వస్తుందో ఆయనకు కంఠతా వచ్చేసింది.

“ఏంటి గురువుగారూ, గోడ పడిపోకుండా పట్టుకున్నారా?” అని కిటికీలోంచి నవ్వేవాడు కంట్రోలరు. “బస్సు కదలాలి మరి!”

ఆయనకు చిర్రెత్తుకొచ్చేది. కానీ ఏమని తిరగబడతాడు? ‘నాకు రావడం లేదండీ’ అని పదిమందిలో అరవగలడా? నాలుక చివరిదాకా వచ్చిన మాటను మింగి వచ్చి సీట్లో కూర్చునేవాడు. మన మగవాళ్ళ సంగతి ఇంతే. పన్ను నొప్పిని ఊరంతా చెప్పుకుంటారు, నడుం నొప్పిని బిరుదులా మోస్తారు. బొడ్డు కిందికి వచ్చేసరికి మాత్రం అందరికీ నోళ్ళు పడిపోతాయి.

డిపోలో దీనికి ఒక మందుంది. డాక్టరు రాసింది కాదు, డ్రైవర్లు కనిపెట్టింది. నిజానికి అది జలుబు మాత్ర. వేసుకుంటే ముక్కు కారడం ఆగిపోతుంది. దాంతోపాటు ఒంటేలు కూడా కాసేపు ఆగుతుందని ఎవడో పాతకాలపు డ్రైవరు గమనించాడు. అప్పటి నుంచి అది చేతులు మారుతూ వస్తోంది. దాని పేరు బిరడా. సీసాకు బిరడా బిగించినట్టు బిగిస్తుందని. మార్కెట్టు స్టాండులో టీ కొట్టువాడు బిస్కెట్ల పక్కనే ఆ అట్టలు పెట్టుకునేవాడు. డ్యూటీ ఎక్కేముందు డ్రైవరు రెండు వేళ్ళతో గాల్లో మూత బిగించినట్టు తిప్పితే చాలు, టీ గ్లాసు పక్కన మాత్ర వచ్చేది. సీటెక్కాక నీళ్ళు ముట్టకూడదు, పెద్ద ట్రిప్పుకి ముందు బిరడా వేసుకోవాలి, ఇదీ అక్కడి చదువు. కొత్తగా చేరినవాడికి గేరు మార్చడం నేర్పినట్టే ఇదీ నేర్పేవాళ్ళు. నిదానం గారు కూడా ఎందరికో నేర్పాడు.

ఇంట్లో మరో గోల. ఆయన మాటిమాటికీ బాత్రూంకి లేవడం చూసి భార్య ఒక నిర్ణయానికి వచ్చేసింది.

“మీకు షుగరండీ. మా పెదనాన్నకీ ఇలాగే మొదలైంది” అంది.

ఆ మర్నాటి నుంచి ఆయన కాఫీలో చక్కెర పోయింది. పళ్ళెంలో అన్నం సగమైంది. రక్తపరీక్ష చేయిస్తే షుగరు లేదని వచ్చింది. అయినా ఆమె నమ్మలేదు. మిషన్లో తేడా ఉండొచ్చంది. ఒక్క మాట, ‘సన్నగా వస్తోందే, ఆగిపోతోందే’ అని ఒక్క మాట చెబితే ఆమె ఆ రోజే ఆసుపత్రికి లాక్కుపోయేది. ఆయన చెప్పలేదు. చప్పటి కాఫీ తాగుతూ, కాఫీ మీద కోప్పడ్డాడు.

ఆయన బస్సులో కండక్టరు ఒకావిడ. ఏళ్ళ తరబడి ఇద్దరిదీ ఒకే బస్సు. గట్టి మనిషి. టికెట్టు లేకుండా దాక్కున్నవాణ్ణి ఆమె వెనక మెట్ల దగ్గర్నుంచి పిలిస్తే, ముందు సీట్లో కునుకు తీస్తున్నవాళ్ళు కూడా టికెట్లు తీసి చూపించేవాళ్ళు. ఆయన్ని అన్నయ్యగారూ అనేది. ఆయన చెల్లెమ్మా అనేవాడు. బస్సుకీ స్టాపులకీ సంబంధించి తప్ప వాళ్ళు పెద్దగా మాట్లాడుకున్నది లేదు. ఆమె గంట కొట్టే తీరును బట్టే లోపల ఎంతమంది ఉన్నారో ఆయనకు తెలిసిపోయేది.

ఆ రోజు ఆయనకు నిజంగానే జలుబు చేసింది. పొద్దున్నే భార్య, “ఇది వేసుకోండి, ముక్కు దిబ్బడ పోతుంది” అని మాత్ర ఇచ్చింది. వేసుకున్నాడు. స్టాండులో టీ కొట్టు దగ్గర అలవాటు కొద్దీ వేళ్ళు తిప్పాడు. బిరడా వచ్చింది. అదీ వేసుకున్నాడు. ఇంట్లో వేసుకున్నదీ, కొట్లో వేసుకున్నదీ ఒకే మాత్రని ఆయనకు తట్టలేదు. ఒకటి జలుబుకి, ఒకటి డ్యూటీకి అనుకున్నాడు.

మధ్యాహ్నానికి ఫ్యాక్టరీ కాలనీ చేరేసరికి పొత్తికడుపు రాయిలా ఉంది. గోడ దగ్గరికి పోయాడు. నిలబడ్డాడు. ఒక్క చుక్క రాలేదు. వెనక ఎవరో దగ్గారు, ఇంకెవరో తొందర పెట్టారు. చాటుగా, తలుపు వేసుకుని, ఎవరూ చూడకుండా నిలబడితే వస్తుందేమో అనిపించింది. ఇన్నేళ్ళ సర్వీసులో మొదటిసారి కంట్రోలరు కిటికీ దగ్గరికి వెళ్ళి అడిగాడు.

“ఆ గది తాళం ఒక్కసారి ఇప్పించండి.”

“తాళంచెవి ఇన్స్పెక్టరు గారి దగ్గరుంది గురువుగారూ. ఆయన వచ్చినప్పుడే తీసేది. అంత పెద్ద గోడుండగా మీకెందుకు గది?”

“ఒంట్లో బాగాలేదు.”

“ట్రిప్పు వేసి రండి, తర్వాత చూద్దాం. జనం ఎక్కేశారు.”

జనం నిజంగానే ఎక్కేశారు. కండక్టరు గంట కొట్టింది. ఆయన సీట్లో కూర్చుని పంటి బిగువున బస్సు కదిలించాడు. వంతెన దాటాడు. బడి దాటాడు. క్లచ్చు తొక్కినప్పుడల్లా కడుపులో కత్తి దిగినట్టుంది. చెమట కళ్ళల్లోకి కారి అద్దంలోంచి రోడ్డు మసకబారింది. అప్పుడు భయం వేసింది. తన నొప్పికి కాదు, వెనక కూర్చున్న జనానికి. పెట్రోలు బంకు కనపడగానే సిగ్నలిచ్చి, బస్సును నెమ్మదిగా పక్కకు తీసి, హ్యాండు బ్రేకు వేసి, ఇంజను ఆపి దిగాడు. అంత నొప్పిలోనూ ఎవరూ తూలలేదు.

బంకు బాత్రూంలోనూ ఏమీ రాలేదు. బయట జనం గోల మొదలైంది. బస్సు నడిరోడ్డున వదిలేసి పోయాడని ఒకాయన ఫోనులో వీడియో తీస్తూ వ్యాఖ్యానం కూడా చెబుతున్నాడు. కండక్టరు ఆ ఫోను పట్టుకున్న చెయ్యి పక్కకు నెట్టి, బాత్రూం తలుపు కొట్టింది.

“అన్నయ్యగారూ, ఏమైంది?”

తలుపు తీసుకుని వచ్చిన మనిషి మొహం చూసి ఆమె ఇంకేమీ అడగలేదు. ప్యాసింజర్లను వెనకొచ్చే బస్సెక్కించి, డిపోకి ఫోను చేసి, పెట్రోలు కొట్టించుకుంటున్న ఒక కారువాణ్ణి బతిమాలి, కాదు, దబాయించి, ఆయన్ని అందులో పడేసి ఆసుపత్రికి తీసుకుపోయింది.

అక్కడ నర్సు గొట్టం పెట్టింది. లోపల చిక్కుకున్నదంతా సంచీలోకి దిగడం మొదలయ్యేసరికి ఆయనకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పెళ్ళినాడు గానీ, ఉద్యోగం వచ్చిననాడు గానీ అంత సుఖం ఎరగడు. బయట కండక్టరు ముందుగా అడిగింది ఆసుపత్రిలో ఆడవాళ్ళ బాత్రూం ఎక్కడని. పొద్దున్నుంచీ ఆమెకు అదే మొదటిసారని అప్పుడెవరికీ తోచలేదు.

నొప్పి ఉన్నంతసేపూ కోపానికి చోటు లేకపోయింది. నొప్పి పోగానే కోపం వచ్చి కూర్చుంది. డాక్టరు వచ్చేసరికి ఆయన రగిలిపోతున్నాడు.

డాక్టరు చిన్నవాడే, కానీ మాట నిలకడగా ఉంది. ప్రోస్టేటని మగవాళ్ళకు మాత్రమే ఉండే గ్రంథి, మూత్రసంచి కింద, మూత్రం వచ్చే దారి చుట్టూ ఉంటుందన్నాడు. వయసుతో అది పెరుగుతుంది, పెరిగి దారిని నొక్కుతుంది, అందుకే సన్నగా రావడం, ఆగి ఆగి రావడం. చాలామందికి వచ్చేదే. ఇది క్యాన్సరు కాదు, కానీ అది కూడా లేదని తేల్చుకోవడానికి రక్తపరీక్ష, స్కానింగు చెయ్యాలి, వెనక దారిలోంచి వేలితో తడిమి కూడా చూడాలి అన్నాడు.

“మరి ఇవాళ ఒక్కసారిగా ఎందుకు బిగిసిందండీ?” అంది అప్పుడే పరుగున వచ్చిన భార్య.

“ఏమైనా మాత్రలు వేసుకున్నారా?”

జలుబు మాత్ర సంగతి ఆమె చెప్పింది. బిరడా సంగతి ఆయన చెప్పక తప్పలేదు. డాక్టరు రెండూ ఒకటేనన్నాడు. “ఈ జబ్బున్నవాళ్ళు ముట్టుకోకూడని మాత్రండీ అది. ముక్కును ఎలా ఆరబెడుతుందో, మూత్రసంచి మూతినీ అలాగే బిగించేస్తుంది. ఆల్రెడీ ఇరుకైన దారి. రెండు మాత్రలు వేసి మీరే మూసేశారు.”

“ఇన్నేళ్ళలో ఒక్కరైనా చెప్పారా ఈ మాట?” అని అరిచాడు నిదానం గారు. అంత గట్టిగా ఆయన అరవడం భార్య ఎన్నడూ వినలేదు. “డిపో డిపో అంతా మింగుతోంది ఆ మాత్ర! ఏటా కళ్ళు చూస్తారు, చెవులు చూస్తారు, దీని గురించి ఒక్కడంటే ఒక్కడు అడగడే!”

“మీరు ఎవరికైనా చెప్పారా?” అన్నాడు డాక్టరు.

ఆ మాటకు ఆయనకు ఇంకా ఒళ్ళు మండింది. జవాబు భార్య చెప్పింది.

“నాకు చెప్పలేదు కదండీ! నేను చక్కెర మానిపిస్తే మానేశారు, అన్నం తగ్గిస్తే తగ్గించారు. చప్పటి కాఫీ తాగుతారు గానీ నోరు తెరిచి నిజం చెప్పరా? నేనేం పరాయిదాన్నా?” అని ఏడుస్తూ కోప్పడింది. ఆ సాయంత్రం ఆసుపత్రి క్యాంటీనులోంచి రెండు చెంచాల చక్కెర వేయించి కాఫీ తెచ్చి, తాగేదాకా ఎదురుగా నిలబడింది.

కొన్నాళ్ళు ఆయన గొట్టం అలాగే ఉంచుకుని, తొడకు సంచీ కట్టుకుని ఇంట్లో ఉన్నాడు. దారిని వదులు చేసే మాత్ర ఒకటి రాత్రి భోంచేశాక వేసుకోమన్నారు. మొదట్లో లేవగానే కళ్ళు తిరగొచ్చు, మంచం మీద కాసేపు కూర్చుని లేవమన్నారు. గ్రంథిని తగ్గించే మాత్ర ఇంకొకటి, దానికి నెలలు పడుతుంది. నీళ్ళు మానొద్దు, రోజంతా కొంచెం కొంచెంగా తాగాలి. సాయంత్రాలు టీలు తగ్గించాలి. అయిపోయాక కాసేపాగి మళ్ళీ ప్రయత్నించాలి. అన్నిటికంటే ముఖ్యం, బిగపట్టకూడదు. ఇవేవీ పని చెయ్యకపోతే ఆపరేషను ఉందన్నారు. గొట్టం తీసేశాక ధారగా వచ్చింది. పరీక్షల్లో క్యాన్సరు లేదని తేలింది. మాత్రకు కళ్ళు తిరగడం లేదని చూసుకున్నాక, ‘ఈయన బస్సు నడపొచ్చు, కానీ అవసరమైనప్పుడు మూత్రానికి వెళ్ళే వీలుండాలి’ అని డాక్టరు రాసిచ్చాడు.

ఈలోగా డిపో నుంచి మెమో వచ్చింది. ప్యాసింజర్లతో ఉన్న బస్సును మధ్యదారిలో వదిలి వెళ్ళినందుకు వచ్చి సంజాయిషీ చెప్పుకోవాలట. బస్సు ఆపి ప్రాణాలు కాపాడినవాడు దోషి, గదికి తాళం వేసినవాడు సాక్షి!

మెమో వెనకే కంట్రోలరు ఇంటికి వచ్చాడు, చేతిలో పళ్ళ సంచీతో. ఎప్పుడూ లేని ప్రేమ ఒలకబోశాడు.

“గురువుగారూ, మేనేజరు దగ్గర గుండెనొప్పి అని చెప్పేయండి. గుండెనొప్పికి ఒక మర్యాదుంది. దీనికేముంది? రేపట్నుంచి డిపోలో తలెత్తుకు తిరగగలరా?”

నిదానం గారు వెంటనే కాదనలేదు. నిజం చెబితే షెడ్డు డ్యూటీ వేస్తారని భయం. స్టీరింగు లాగేసిన డ్రైవర్లను ఆ షెడ్డులో కూర్చోబెడతారు. టైర్లలో గాలి చూస్తూ, తాము నడిపిన బస్సులను వేరేవాళ్ళు తీసుకెళ్ళడం చూస్తూ వాళ్ళు అక్కడే ముసలివాళ్ళయిపోతారు. ఆయనకు చావుకంటే ఆ షెడ్డంటే భయం. గుండెనొప్పి అంటే జాలిపడి వదిలేస్తారేమో అని ఒక క్షణం మనసు ఊగింది.

భార్య మంచినీళ్ళ గ్లాసు టేబులు మీద ఠక్కున పెట్టింది. “గుండెనొప్పి అన్నవాణ్ణి మళ్ళీ బస్సెక్కనిస్తారా? బాగున్న గుండెకి లేని జబ్బు తగిలించి ఉన్న ఉద్యోగం పోగొట్టుకోమంటారా? అయినా మీకెందుకంత ఆత్రం అన్నయ్యగారూ? ఈయన నిజం చెబితే ఆ గది తాళం సంగతి బయటికొస్తుందనా?”

కంట్రోలరు పళ్ళ సంచీ అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు.

మేనేజరు గదిలో ఆ రోజు ఫ్యాను తిరుగుతున్నా ఉక్కపోసింది. మేనేజరు బల్ల వెనక, కంట్రోలరు కిటికీ పక్కన. సాక్ష్యానికి పిలిచిన కండక్టరు గోడవార కుర్చీలో కూర్చుంది. నిదానం గారు నిలబడే మాట్లాడాడు. ప్రోస్టేటన్నాడు. ఒంటేలు బిగిసిపోయిందన్నాడు. బిరడా గురించి చెప్పాడు. గోడ గురించి చెప్పాడు. ఆ మాటలు తన నోటి నుంచి వస్తుంటే చెవులు వేడెక్కాయి, అయినా ఆపలేదు.

మేనేజరు ఇబ్బందిగా కదిలాడు. కండక్టరు వైపు తిరిగి, “అమ్మా, మీరు కాస్త బయట కూర్చోండి. మగవాళ్ళ విషయం” అన్నాడు.

“ఏం సార్, నేను వెళ్ళనా ఒంటికి?” అంది ఆమె.

గదిలో అందరూ గతుక్కుమన్నారు. ఆమె లేచి నిలబడింది. గొంతు టికెట్టు లేనివాణ్ణి దించేటప్పటి గొంతే.

“ఈయనకిప్పుడొచ్చింది సార్ కష్టం. మాకు ఉద్యోగంలో చేరిన రోజునుంచీ ఉంది. వీళ్ళకి గోడైనా ఉంది. నాకేముంది? పొద్దున ఇంట్లో బయల్దేరేముందు వెళ్తాను, డ్యూటీ దిగి ఇంటికెళ్ళాక వెళ్తాను. మధ్యలో గుక్కెడు నీళ్ళు తాగను. ఎండాకాలంలో కూడా తాగను. రెండుసార్లు ఇన్ఫెక్షనొచ్చి జ్వరంతో పడిపోతే, మీ దగ్గర మలేరియా అని చెప్పి సెలవు పెట్టాను. అదేమంటే సిగ్గు. నేనెందుకు సార్ సిగ్గుపడాలి? తాళం వేసినవాళ్ళు పడాలి!”

నిదానం గారు ఆమె వైపు చూడలేకపోయాడు. తన కష్టమే కష్టమని ఇన్నాళ్ళూ లోకం మీద పళ్ళు నూరాడు. ప్రతి ట్రిప్పుకీ గోడ వెనక్కి వెళ్ళి వచ్చాడు. ఒక్కసారైనా ‘చెల్లెమ్మా, నువ్వెక్కడికెళ్తావ్?’ అని తనకు తోచిందా? బస్సులో నీళ్ళ సీసా ఆమె ఎన్నడూ ఎత్తి తాగకపోవడం రోజూ అద్దంలో చూస్తూనే ఉన్నాడు. దాహం వెయ్యని మనిషేమో అనుకున్నాడు! అప్పటిదాకా కంట్రోలరు మీద ఉన్న కోపంలో సగం వచ్చి తన మీదే పడింది. పడ్డా కంట్రోలరు మీద ఏమీ తగ్గలేదు.

మేనేజరు చాలాసేపు పెన్ను మూత తీసి పెట్టి చేశాడు. చివరికి నసుగుతూ తీర్పు చెప్పాడు. ఈసారికి వదిలేస్తున్నాను. డాక్టరు నడపొచ్చన్నాడు కాబట్టి నడపండి. కానీ మళ్ళీ దారి మధ్యలో బస్సు ఆగితే షెడ్డు డ్యూటీయే, ఇంక మాట్లాడేది లేదు.

“మరి ఆ తాళం సార్?” అన్నాడు నిదానం గారు.

“అది మీరూ మీ కంట్రోలరూ చూసుకోండి” అన్నాడు మేనేజరు, ఫోను ఎత్తుతూ.

డిపోలో వార్త పొక్కింది. నిదానం పేరు పోయి గొట్టం గారన్న పేరు వచ్చింది. టీ కొట్టు దగ్గర ఆయన కనపడితే వేళ్ళతో మూత తిప్పి పగలబడి నవ్వేవాళ్ళు. ఆ నవ్విన మొహాలే ఒక్కొక్కటిగా, విడివిడిగా, బస్సు చాటున ఆయన్ని పట్టుకునేవి. “అన్నా, నీకు సన్నగా వచ్చేదా? ఆగి ఆగి వచ్చేదా? ఊరికే అడుగుతున్నాలే, మా బావకి.” ఎవడికీ తనకు కాదు, అందరికీ బావలకే. వాళ్ళు చెవిలో అడిగితే ఆయన పదిమందికీ వినపడేట్టు చెప్పేవాడు. “ప్రోస్టేటురా! ఆ బిరడా పారేసి డాక్టరు దగ్గరికి పో! మీ బావను కాదు, నువ్వు పో!”

తిరిగి డ్యూటీ ఎక్కిన రోజున మార్కెట్టు స్టాండులో టీ కొట్టువాడు అలవాటుగా మాత్ర పెట్టాడు. ఆయన దాన్ని వేలితో మురిక్కాల్వలోకి విసిరేసి, ఒక గ్లాసు మంచినీళ్ళు అడిగి తాగి, బస్సెక్కాడు.

చివరి స్టాపు చేరేసరికి తాగిన నీళ్ళు పని చేశాయి. ఆయన గోడ వైపు వెళ్ళలేదు. నేరుగా కంట్రోలరు గదిలోకి వెళ్ళాడు.

“తాళంచెవి ఇవ్వండి.”

“చెప్పానుగా గురువుగారూ, ఇన్స్పెక్టరు గారు...”

నిదానం గారు బయటికి వచ్చి, బస్సింజను ఆపి, బస్సు తాళంచెవి తీసుకుని మళ్ళీ లోపలికి వెళ్ళి కంట్రోలరు బల్ల మీద పెట్టాడు.

“ఇది మీ దగ్గరుంచుకోండి. నేను మధ్యదారిలో ఆపితే తప్పు. ఇక్కడ ఆపితే తప్పు కాదుగా? ఆ గది తెరుచుకున్నాక ఈ బస్సు కదులుతుంది.”

“జనం ఎక్కి కూర్చున్నారు. నన్ను తిడతారు!”

“తిట్టనివ్వండి. ఎందుకు ఆగిందో నేనే చెబుతా వాళ్ళకి. సిగ్గు నాకు పోయింది. మీకు మిగిలుంటే చూసుకోండి.”

ఆయన గుమ్మంలో నిలబడి, నిజంగానే బస్సు వైపు తిరిగి గొంతు సవరించుకున్నాడు. వెనక ఇంకో బస్సు వచ్చి హారన్ కొట్టింది. కిటికీల్లోంచి తలలు బయటికొచ్చాయి. కంట్రోలరు గబుక్కున సొరుగు లాగాడు. ఇన్స్పెక్టరు గారి దగ్గర ఉండాల్సిన తాళంచెవి ఆ సొరుగులోనే, దువ్వెన పక్కన ఉంది.

తుప్పు పట్టిన తాళం తిరగడానికి మొరాయించింది. తలుపు తెరిచేసరికి లోపల ఒక చీపురు, విరిగిన కుర్చీ, పాత రూటు బోర్డులు. వాటి వెనక తెల్లగా మెరుస్తూ కమోడు. కంపెనీవాళ్ళు అంటించిన కాగితం పట్టీ ఇంకా దాని మూత మీద అలాగే ఉంది, ఎవరూ చింపలేదు. కుళాయి తిప్పితే రెండుసార్లు దగ్గి, ఎర్రగా కక్కి, తర్వాత శుభ్రంగా నీళ్ళు వదిలింది. ఇన్నేళ్ళూ నీళ్ళు కూడా ఉన్నాయి! నిదానం గారికి అరికాలి మంట నెత్తికెక్కింది. కంట్రోలరును ఏమనాలో ఎన్ని మాటలు వెతికినా చాల్లేదు. కుర్చీ, బోర్డులు ఎత్తి తెచ్చి కంట్రోలరు బల్ల పక్కన పడేశాడు.

ఆయనకు అప్పటికే ఆగడం కష్టంగా ఉంది. అయినా బస్సు మెట్ల దగ్గర నిలబడి చూస్తున్న కండక్టరును పిలిచాడు.

“చెల్లెమ్మా, ముందు నువ్వెళ్ళు.”

ఆమె టికెట్ల సంచీ తీసి ఆయన చేతికిచ్చి, లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. గడియ పడిన చప్పుడు వినపడింది. ఆయన సంచీ పట్టుకుని తలుపుకి వీపు తిప్పి నిలబడ్డాడు. వెనక బస్సువాడు మళ్ళీ హారన్ కొడితే, చెయ్యెత్తి ఆగమన్నాడు.

ఆమె వచ్చాక ఆయన వెళ్ళాడు. తొందరపడలేదు. అయిపోయాక డాక్టరు చెప్పినట్టు కాసేపాగి, మళ్ళీ ప్రయత్నించి, చేతులు కడుక్కుని వచ్చాడు.

బస్సు కదిలింది. వంతెన దగ్గర వెనక చూసుకునే అద్దంలోకి చూశాడు. కండక్టరు తన సీట్లో కూర్చుని, సీసా మూత తీసి, తలెత్తి నీళ్ళు తాగుతోంది. ఇన్నేళ్ళలో ఆమె బస్సులో నీళ్ళు తాగడం ఆయన చూసింది అదే మొదలు. సీసా సగం ఖాళీ చేసేదాకా ఆమె ఆగలేదు. ఆయన ఒక్క కుదుపు కూడా రాకుండా వంతెన దాటించాడు.